తోడు మనిషి

ట్రేలో నాలుగు గిన్నెలున్నాయి. మూడింటిలో నమూనాలు. నాలుగోది ఖాళీ.

నూకరత్నం మొదటి గిన్నెలోని సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని నలిపింది. గుడ్డ ఎన్ని ఉతుకులకి ఆగుతుందో చూసే టైలర్ నలుపుడు అది.

"అది ఉప్పునీళ్ళ సంచి," అంది డాక్టర్ యశోధర. "ఎప్పుడైనా చిల్లు పడినా భయం లేదు. నీళ్ళు ఒంట్లో కలిసిపోతాయి. కాకపోతే అటువైపు చదునైపోతుంది, సంచి మార్చాలి. మీలా సన్నగా ఉన్నవాళ్ళకి చర్మం కింద ముడతలు తెలుస్తాయి కూడా."

"లైనింగ్ వెయ్యని జార్జెట్టులాగ."

"సరిగ్గా అలాగే. రెండోది సిలికాన్ జెల్. రొమ్ము కింది మడత దగ్గర చిన్న గాటు పెట్టి, కండ కింద అరలాంటిది చేసి అందులో పెడతాం. మెత్తగా, నిజమైనదానిలాగే ఉంటుంది. అలాగని జీవితాంతం ఉంటుందని చెప్పను. కొన్నేళ్ళకోసారి స్కానింగ్ తీయాలి. చుట్టూ పొర గట్టిపడినా, జెల్ కారినా తీసి వేరేది పెట్టాలి."

రత్నం మూడో గిన్నెలోకి చూసింది. పసుపుపచ్చటి ముద్ద.

"కొవ్వు. మీ పొట్ట దగ్గరో తొడ దగ్గరో తీసి ఇక్కడ ఎక్కించడం. అందులో కొంత కరిగిపోతుంది కాబట్టి రెండు మూడుసార్లు చెయ్యాలి. అసలు మీ ఒంట్లో అంత కొవ్వేదీ?"

"పొద్దస్తమానం మిషన్ తొక్కితే ఎక్కడ మిగుల్తాదండి!" రత్నం నవ్వింది. నవ్వుతూనే కుడిచేత్తో ఎడమవైపు పమిట సర్దుకుంది. ఆ అలవాటు ఆమెకు పదహారో ఏట పట్టుకుంది. కుడి రొమ్ము అందరు ఆడపిల్లల్లాగే ఎదిగింది. ఎడమది ఎదగలేదు. అప్పట్నుంచి తన జాకెట్ల లోపల ఎడమవైపు స్పాంజి కప్పు తనే కుట్టుకుంటోంది. ఆమె కుట్టుపని నేర్చుకున్నదే అందుకు. తన కొలత ఇంకో మనిషికి ఇవ్వాల్సిన అవసరం ఉండకూడదని.

విశాఖపట్నం అల్లిపురంలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు రత్నానికి తెలుసు. రత్నం కొలత ఎవరికీ తెలియదు.

"నాలుగోది ఖాళీగా ఉందేటండీ?"

"అందులో ఉండాల్సింది మీ ఒంట్లో పెరగాలి." యశోధర గొంతు కొంచెం మారింది. పదేళ్ళు ఆమె ఆ ఖాళీ గిన్నె కోసమే పనిచేసింది. "మేం దాన్ని మొలక అంటాం. మీ పొట్టలోంచి చిటికెడు కొవ్వు తీసి, ల్యాబులో పల్చటి వల మీద పెంచి, లోపల నాటతాం. అది మీ మాంసమే. పెరిగాక అందులో మా వస్తువు ఏదీ మిగలదు."

"ముట్టుకుంటే తెలుస్తాదా?"

యశోధర ఆమెను తేరిపార చూసింది. ఇంతవరకూ వచ్చినవాళ్ళు ఎలా కనిపిస్తుందని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"సిలికాన్ పెట్టిస్తే పైన చర్మానికి తెలుస్తుంది. లోపలుండేది వస్తువు, దానికేం తెలియదు. మొలకకి తెలుస్తుంది. పక్కటెముకల దగ్గర్నుంచి నరం దాని లోపలికి అల్లుకుంటుంది, దాని వెనకే రక్తనాళాలు వెళ్తాయి. నరం వెళ్ళకపోతే ఎండిపోతుంది. ఇంతవరకూ ఎవరికీ ఎండలేదు."

"అయితే నాకదే కావాలండి."

"ఒక్క నియమం. తోడు మనిషి ఉండాలి. ఆపరేషన్ తర్వాత మీరు చేతులు పైకెత్తకూడదు. మందునూనె రోజూ వాళ్ళే రాయాలి. మీ ఇంట్లో ఎవరున్నారు?"

రత్నం ఖాళీ గిన్నె వైపు చూసింది.

"మా వదినుందండి," అంది.

రత్నానికి అన్నదమ్ములు లేరు.

* * *

"నాను నీకు వదిన్నా?" పోలమ్మ ఇడ్లీరేకు మూత తీసి ఆవిరిలోంచి అడిగింది. ఆమె బండి రత్నం షాపు ఎదురుగానే ఉంటుంది. "మరి మీ అన్న ఎలాగుంటాడే? పొట్టా, పొడుగా? ఎవలైనా అడిగితే సెప్పాల గదా."

"ఎవరూ అడగరు. వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపో పోలమ్మక్కా."

"తాగుతాడా?"

"మనిషే లేడంటే తాగడమేటి!"

"తాగని మొగుడన్నమాట. అదురుష్టం ఇన్నాళ్ళకి పట్టింది నాకు."

రుషికొండ దగ్గరి ఆసుపత్రిలో పోలమ్మ తన పాత్రను కాస్త ఎక్కువగానే పోషించింది. "తిండి తినదమ్మా, మా ఆడబడుసు! ఎంత సెప్పినా ఇనదు!" అని నర్సు ముందు కళ్ళొత్తుకుంది. నర్సు ఆమె చేతికి నూనె సీసా ఇచ్చి, ఎలా రాయాలో, ఎంత మెల్లగా రాయాలో చూపించింది. పోలమ్మ బుద్ధిగా తలూపింది. సంతకం పెట్టింది. సీసా రత్నం సంచిలో పడేసి, "పిండి పులిసిపోతాదే" అని బస్సెక్కేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చిన మర్నాడే రత్నం షాపు వెనక గదిలో గడియ వేసుకుని, చెయ్యి పైకెత్తకుండా మోచెయ్యి పక్కకి ఆనించి, కట్టు సడలించి నూనె తనే రాసుకుంది. కష్టమేమీ అనిపించలేదు. తన పనులు తనే చేసుకోవడం ఆమెకు కొత్త కాదు.

కట్టు పూర్తిగా తీసేశాక, జాకెట్టు ఎడమవైపు లోపలి స్పాంజి కప్పును కత్తెరతో కుట్లు తెంపి తీసింది. దాన్ని పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. బొత్తాల డబ్బాలో పడేసింది.

ఆ వారంలోనే మాణిక్యాంబ టీచర్ వచ్చింది. రిటైరై చాలా కాలమైంది. నెలకో జాకెట్టు గుడ్డ తెస్తుంది, ప్రతిసారీ కొలత కొత్తగా తీయమంటుంది.

"మీ కొలతలు నా దగ్గరున్నాయి టీచరుగారూ. మారలేదు."

"పోయినసారిది భుజం దగ్గర బిగిసిందమ్మా. మళ్ళీ తియ్యి."

బిగవలేదు. రత్నానికి తెలుసు. అయినా టేపు అందుకుని గబగబా భుజం, చేతి చుట్టు, ఛాతీ కొలిచేసింది. తనకేమో లోపల ఆపరేషన్ కుట్టు లాగుతోంది.

"కొంచెం మెల్లగా తియ్యమ్మా. తొందరేముంది?" అంది టీచర్.

వాకిట్లో ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారని రత్నం టేపు మెళ్ళో వేసేసుకుంది.

* * *

"తెర మీద గీత లేవడం లేదు మేడమ్."

మొలకల్ని పెంచే బాధ్యత ఫణిభూషణ్‌ది. అతని చేతిలో అరచేయంత రీడర్ ఉంది. మొలక పక్కన ఆనిస్తే నరం ఎంతవరకు వెళ్ళిందో తెర మీద గీత చూపిస్తుంది. నరం బతికుంటే గీత అలలా లేస్తుంది. రత్నం గీత చెరువు నీళ్ళలా ఉంది.

"మిగతావాళ్ళది?"

"అందరిదీ బ్రహ్మాండంగా ఉంది. ఈమెదే..." అతను గొంతు తగ్గించాడు. "అంచు గట్టిపడుతోంది. వల అదే, మందు అదే, నాటింది మీరే. నాకేం అర్థం కావడం లేదు."

యశోధర పరీక్ష గదిలోకి వెళ్ళింది. రత్నం బల్ల మీద కూర్చుని ఉంది.

"నూనె రోజూ రాస్తున్నారా?"

"రాస్తన్నామండి."

"ఎవరు?"

"మా వదిన."

"ఒక్క రోజు కూడా మానకుండా?"

"మానదండి. మొండి మనిషి."

అంత తడుముకోకుండా చెప్పిన జవాబును అనుమానించాలని యశోధరకు తోచలేదు. తప్పు తన ల్యాబులో వెతికింది. నూనె మార్చింది. వల తయారీ మళ్ళీ మొదటినుంచి చూసింది. ఎదురుచూస్తున్నవాళ్ళ ఆపరేషన్లు ఆపేసింది. వాళ్ళలో కేన్సర్‌కి రొమ్ము తీసేయించుకున్న పెళ్ళికాని పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల ఫోన్ చేసి, "నాకింక రాదా మేడమ్?" అని అడిగింది.

"వచ్చే పరీక్షకి గీత లేవకపోతే తీసెయ్యాలి," అంది ఫణితో. "కుళ్ళితే ప్రాణం మీదికి వస్తుంది."

తర్వాత ఒక్కతే కారెక్కింది. ల్యాబులో ఏ తప్పూ దొరకలేదు కాబట్టి, రోజూ నూనె రాసే ఆ వదిన చేతుల్ని ఓసారి చూడాలి.

* * *

"రత్నంగారి వదిన మీరే కదా?" ఇడ్లీబండి దగ్గర యశోధర గుర్తుపట్టింది.

పోలమ్మ చట్నీ గరిటె పట్టుకుని బిగుసుకుపోయింది. "వదినేటమ్మా, నాను ఇడ్లీలమ్ముకుంటాను... ఒలమ్మో! మీరు డాకటరమ్మ గదా!"

"నూనె మీరు రాయడం లేదా?"

"ఏ నూనె?"

యశోధర రోడ్డు దాటింది. రత్నం మిషన్ దగ్గర్నుంచి లేచి, డాక్టర్ ముఖం చూసి, బండి వైపు చూసి, ట్రయల్ రూమ్ తెర పక్కకి లాగింది. ఆ గదిలో ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి.

"ఎవరూ లేరని ముందే చెప్పుంటే?"

"చేసేవారా?"

యశోధర సంచి తెరిచింది. రీడర్ తీసి ఆనించింది. "రాసుకోండి. రోజూ ఎలా రాసుకుంటారో అలాగే."

రత్నం రాసుకుంది. వేళ్ళు చక్కగా, ఒద్దికగా తిరుగుతున్నాయి. నర్సు కూడా అంత బాగా రాయదు. గీత కదల్లేదు.

"ఏదీ, ఆ సీసా ఇలా ఇవ్వండి."

యశోధర చేతికి నూనె పోసుకుని రాసింది.

గీత లేచింది.

ఆమె చెయ్యి తీసేసింది. గీత పడుకుంది. "మీరు." పడుకునే ఉంది. "నేను." లేచింది. యశోధర మెల్లగా స్టూలు మీద కూర్చుంది. పదేళ్ళ చదువంతా ఆ బుల్లి గదిలో తలకిందులైంది.

"మీ చంకలో మీరే వేళ్ళు పెట్టుకుంటే గిలిగింత వస్తుందా?"

"రాదండి."

"ఎందుకు రాదంటే, చెయ్యి కదలకముందే మెదడుకి తెలుసు, ఇది నాదేనని. దాన్ని పట్టించుకోదు. నరం పెరగాలంటే మెదడు పట్టించుకోవాలి. మిగతావాళ్ళందరికీ అమ్మో, అక్కో, మొగుడో రాశారు. మా నియమం అలాంటిది మరి, తోడు లేకుండా ఎవర్నీ చేర్చుకోలేదు. అందుకే అందరికీ బతికింది. మేమేమో నూనె గొప్పతనం అనుకున్నాం."

"నూనె కాదా?"

"కాదు. ఇంకొకరి చెయ్యి."

రత్నం జాకెట్టు హుక్కులు ఒకటొకటే పెట్టుకుంది. అన్నీ పెట్టుకున్నాక, "నూనె రాసే మిషనేదైనా ఉంటే ఇప్పించండి," అంది.

ఫణి మిషన్ కూడా తయారుచేశాడు, వెచ్చటి రబ్బరు వేళ్ళతో. మొదట గీత కొంచెం లేచింది. తర్వాత లేవడం మానేసింది. ఒకే లయలో వచ్చేదాన్ని మెదడు గడియారం చప్పుడులా వదిలేసింది.

* * *

చివరికి పోలమ్మే వచ్చింది. రత్నం అడగలేదు. యశోధర చెప్పిందంతా ఆ రోజు షాపు గుమ్మంలో నిలబడి సగం విని, మిగతా సగం తనే ఊహించుకుని, ఇడ్లీలు అయిపోగానే చేతులు కడుక్కుని వచ్చేసింది.

"సిగ్గేటే నాకాడ? సంతకం పెట్టిన వదినని. తిరుగు ఇటు."

ఆమె చేతి బొటనవేలు ఇడ్లీరేకులకి కాలి కాలి కాయకట్టింది. అరచేతిలో పులిసిన పిండి వాసన. రాస్తున్నంతసేపూ నోరు మూయదు. చట్నీ ఉచితంగా రెండోసారి అడిగేవాళ్ళ గురించి, కోడలి గురించి, ఫోన్లో అరిచే వియ్యంకుడి గురించి. రత్నం గోడవైపు చూస్తూ కూర్చునేది. కొన్నాళ్ళకి గోడవైపు చూడడం మానేసింది.

ఒక పూట ఉన్నట్టుండి ఉలిక్కిపడింది.

"ఏటే, నొప్పా?"

"నీ వేలు గరుగ్గా ఉంది."

"ఇప్పుడు తెలిసిందా? ఎప్పుడూ గరుకే."

"ఇప్పుడే తెలిసింది పోలమ్మక్కా." రత్నం నవ్వబోయింది. ముఖం ఇంకోలా అయింది. పోలమ్మ చూడనట్టు నటించి, వియ్యంకుడి కథ మళ్ళీ మొదలుపెట్టింది.

రుషికొండలో గీత అలలా లేచింది. ఫణి చప్పట్లు కొట్టాడు. ఆగిపోయిన ఆపరేషన్లు మళ్ళీ మొదలయ్యాయి. పెళ్ళికాని ఆ పిల్లకి వాళ్ళమ్మ తోడుగా వచ్చింది.

అప్పుడే పలాస నుంచి ఫోన్ వచ్చింది. పోలమ్మ కూతురికి నెలలు నిండాయి. అల్లుడు ఊళ్ళో లేడు.

"పురుడు పోసి వచ్చేత్తానే," అంది పోలమ్మ బండి మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు కడుతూ. రాలేకపోయింది. కూతురికి ఒంట్లో బాగాలేక, మనవణ్ణి ఆమే చూసుకోవాల్సి వచ్చింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఎవలైనా రాత్తన్నారా?" అనేది.

"రాస్తన్నారు," అనేది రత్నం.

మొలక వెంటనే చావలేదు. అదే కష్టమైంది. ఇడ్లీలు అయిపోయే వేళకి ఎడమవైపు దానంతటదే మేలుకునేది. పిలిచినట్టు, ఎదురుచూసినట్టు ఒక సలుపు. కత్తిరిస్తున్న గుడ్డ మీద కత్తెర ఆగిపోయేది. రత్నం తన అరచెయ్యి ఆనించేది. సలుపు తగ్గేది కాదు. దానికి తెలుసు, ఇది ఎవరి చెయ్యో.

నలభై ఏళ్ళు అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనప్పుడు ఇంత లోటు కూడా లేదు.

* * *

"తీసెయ్యండి," అంది రత్నం.

యశోధర రీడర్ పక్కన పెట్టింది. గీత సన్నబడింది కానీ ఇంకా ఉంది. "నర్సుని ఏర్పాటు చేస్తాను. రోజూ వచ్చి వెళ్ళండి."

"ఎన్నాళ్ళండి?"

"మొదట్లో కొన్ని నెలలనుకున్నాం. ఇప్పుడు... ఎప్పటికీ అనుకుంటున్నాం. మిగతావాళ్ళలో కూడా, తోడు దూరమైతే వాడిపోతోంది."

"డ్యూటీ మారినప్పుడల్లా కొత్త మనిషి ముందు హుక్కులు విప్పుకోవాలి. ఆవిడ గడియారం చూసుకుంటా రాస్తాది. ఒద్దండి."

"మీకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరా? ఒక్కళ్ళు చాలు. అడిగి చూడండి."

"పోలమ్మక్కని కూడా నేనడగలేదండి, తనే వచ్చింది." రత్నం బల్ల దిగి, మూలనున్న ట్రే దగ్గరికి వెళ్ళింది. రెండో గిన్నెలోని సిలికాన్‌ని చేతిలోకి తీసుకుని, బరువు చూసింది. "దీనికి స్కానింగ్ చాలన్నారు కదా?"

"చాలు."

"ఎవరూ రానక్కర్లేదు."

"అక్కర్లేదు," అంది యశోధర. 

ఆపరేషన్ రోజున కౌంటర్లో తోడు మనిషి పేరు అడిగారు. రత్నం తడబడింది. వెనకనుంచి వచ్చిన యశోధర ఫారంలోని ఆ గడిలో తన పేరు రాసి, ఏమీ జరగనట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే మొలక నియమాలు తిరగరాశారు. ఫణి టైపు చేసి పైకి చదివాడు. "ఒంటరిగా జీవిస్తున్నవారు ఈ చికిత్సకు అర్హులు కారు." చదివి, ఊరికే అడిగినట్టు అడిగాడు. "మేడమ్, మీ ఇంట్లో ఎవరుంటారు?"

"మొదటి మాట తర్వాత ఖాళీ ఎక్కువైంది," అంది యశోధర తెర వైపు చూస్తూ. "సరిచేసి పంపించెయ్."

* * *

సిలికాన్ చక్కగా కుదిరింది. అద్దంలో రెండువైపులా సమానం. రత్నం తనకోసం లేత ఆకుపచ్చ జాకెట్టు కుట్టుకుంది, కప్పు లేకుండా. తన చేత్తో కుట్టినవాటిలో అంత బాగా ఒంటికి పట్టింది ఇంకోటి లేదు. ఇడ్లీల వేళకి ఏ సలుపూ లేదు. రోడ్డుకి అటువైపు టార్పాలిన్ కప్పిన బండి మీద పావురాళ్ళు వాలుతున్నాయి.

మాణిక్యాంబ టీచర్ గంధం రంగు గుడ్డ తెచ్చింది.

"కొలత తియ్యమ్మా."

రత్నం కాదనలేదు. టేపు తీసి టీచర్ భుజం మీద ఆనించింది. ఆనించగానే టీచర్ కళ్ళు మూసుకుంది.

ఇన్నేళ్ళలో రత్నం ఆ కళ్ళు ఎప్పుడూ చూడలేదు. టేపు మీది అంకెలు చూసేది. ఇప్పుడు చూసింది. ముసలామె ఊపిరి నెమ్మదించింది. బిగించి పట్టుకున్న మెడ కొంచెం వాలింది. చేతిలో రీడర్ లేకపోయినా రత్నానికి గీత కనిపించింది.

"టీచరుగారూ, ఇంట్లో ఎవరుంటారండీ?"

"రేడియో ఉంటుందమ్మా." టీచర్ కళ్ళు తెరిచి రత్నాన్ని ఎగాదిగా చూసింది. "ఈ ఆకుపచ్చది ఎవరు కుట్టారే? అచ్చుపోసినట్టుంది."

"నేనే కుట్టుకున్నానండి."

"కుట్టడం సరే, నీ కొలత ఎవరు తీస్తారు?"

"నేనే తీసుకుంటాను."

"అయ్యో, ఒక్కదానివీ ఎలా అందుతుందే వెనక్కి! నన్ను పిలవకపోయావా? వీధి చివరే కదా ఉంటా. పొద్దస్తమానం ఖాళీయే."

రత్నం చేతిలో టేపు ఆగిపోయింది. వీధి చివర. ఇన్నేళ్ళూ. ఆమె టీచర్ వెనక్కి వెళ్ళి నిలబడింది, ముఖం కనిపించకుండా.

భుజం కొలిచింది. చేతి చుట్టు కొలిచింది. ఛాతీ, నడుము. ఒక్క అంకె కూడా మారలేదు. టేపు మడవబోయి, మళ్ళీ విప్పింది.

"అయిపోయింది కదమ్మా?" అంది టీచర్.

"సరిగ్గా రాలేదండి," అంది రత్నం. వాకిట్లో ఎదురుచూస్తున్నవాళ్ళని రేపు రమ్మంది. తర్వాత అరచెయ్యి మెల్లగా ఆ సన్నటి భుజం మీద వేసి, మళ్ళీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టింది.